మేకలబండ ఎక్కుడు

సైదులు బండికి డీజిలు పొయ్యడు, వాసన చూపిస్తడు అని డిపోలో తోటి డ్రైవర్లు ఎగతాళి చేసేవాళ్ళు. ఆ ఎగతాళిలో సగం కడుపుమంట. సంగతి తెలుసు కాబట్టి సైదులు మీసం చాటున నవ్వుకొని ఊరుకునేవాడు.

నవ్వుకోక ఏం చేస్తాడు! బండిని అంత కనిపెట్టుకొని ఉండే మనిషి నల్గొండ జిల్లాలో మరొకడు ఉన్నాడేమో గానీ, మోత్కూర్ దారిలో మాత్రం లేడు. బస్సు రాత్రిళ్ళు మోత్కూర్ అంగడి జాగాలో ఆగేది. తెల్లవారగానే సైదులు ఇంటి నుంచి వచ్చి, ఇనుప కడ్డీతో ఒక్కో టైరునూ కొట్టి చెవి ఒగ్గి వినేవాడు. గాలి నిండుగా ఉన్న టైరు టంగుమంటుంది, గాలి తగ్గింది మూలుగుతుంది. మూలిగే టైరు మీద బండి నడపడమంటే ఎద్దును బురదలో తోలడమే, మేత దండగ, నడక సున్న. తర్వాత బానెట్టు ఎత్తి, ఇంజను గాలి పీల్చుకునే జల్లెడను విప్పి, దానికి పట్టిన దుమ్మంతా ఓపికగా కడిగేవాడు. ముక్కులో దుమ్ము నిండితే మనిషికే ఊపిరాడదు, ఇంజనుకెట్లా ఆడుతుంది? ఆఖరున బండి స్టార్టు చేసి, వెనక్కి పోయి పొగ రంగు చూసేవాడు. నల్లటి పొగ వస్తే డీజిలు సరిగా కాలకుండా గాలికి పోతున్నట్టు లెక్క. ఆ రోజు అతని ముఖం కూడా నల్లబడేది.

నడపడంలోనూ అంతే. క్లచ్చి మీద ఊరికే కాలు పెట్టి ఉంచడు. దూరాన గొర్ల మంద కనబడితే దగ్గరిదాకా ఉరికించి బ్రేకు తొక్కడు. అంత దూరంలోనే ఆక్సిలేటరు మీద కాలు తీసేసి బండిని దాని ఊపున పోనిస్తాడు, మంద రోడ్డు దాటేసరికి బస్సు మెల్లగా అక్కడికి చేరుతుంది. చాయకు ఆగిన చోట ఇంజను బంద్ చేస్తాడు. దిగుడు మీద న్యూట్రల్ చేసి బండిని దేవుడికి అప్పజెప్పే డ్రైవర్లంటే మాత్రం అతనికి ఒళ్ళుమంట. "గది పొదుపు గాదు, పీనుగులను మోసే పని," అనేవాడు.

ఇంత చేసినా అతను టెంపరరీ మనిషే. కొన్ని నెలలు పని ఇచ్చి, కొన్ని నెలలు ఇంట్లో కూర్చోబెట్టి, మళ్ళీ పిలిచేవాళ్ళు. కూర్చున్న నెలల్లో అతని భార్య అండాలు ఒక్కతే కూలికి పోయి ఇల్లు నెట్టుకొచ్చేది. ఆ ఎండాకాలం మేనేజర్ గారు డ్రైవర్లందరినీ షెడ్డులో నిలబెట్టి, టెంపరరీ వాళ్ళలో ఎవరు డీజిలు బాగా మిగిలిస్తే వాళ్ళ పేరు పర్మినెంటుకు పంపుతానని చెప్పాడు. ఆ మాట విన్ననాడే అండాలు జాన్‌పహాడ్ దర్గాకు కందూరు మొక్కింది. పర్మినెంటయితే మేకపోతును కోసి, వండి, నలుగురికీ పెట్టాలి. మొగుడికి సైదులని పేరు పడింది కూడా ఆ దర్గా మొక్కుతోనే. అందుకే పెద్ద పని పడినప్పుడల్లా ఆమె ఆ దిక్కుకే తిరిగి దండం పెట్టేది.

అన్నీ కుదిరాయి. కుదరనిదల్లా మేకలబండ ఎక్కుడు.

మోత్కూర్ నుంచి నల్గొండ పోయే దారిలో మేకలబండ అని ఒక గుట్ట. రోడ్డు దాని పక్కనుంచి పోవచ్చు గదా, పోదు, దాని వీపు మీద నుంచే పోతుంది. ఆ ఎక్కుడుకు సరిగ్గా నడుమ, కురుమగూడెం బాట వచ్చి రోడ్డులో కలిసే చోట, ఎవరో సున్నం పూసిన రాయి పాతి స్టేజీ చేశారు. గొర్లు కాసుకునే గూడెం అది, వాళ్ళకు అదే దగ్గర. మరి బండి గోస ఎవరు చూడాలి? ఎక్కుడు మొదట్లో, రోడ్డు కింద వాన నీళ్ళు పోయే మోరీ దగ్గరే వేగం అందుకుంటే బస్సు ఆ ఊపులోనే గుట్ట దాటేస్తుంది. సగంలో ఆపితే ఊపంతా చచ్చి, మళ్ళీ మొదటి గేరు నుంచి ఏడవాలి. ఇంజను అరుపులు, వెనక రోడ్డంతా నల్లటి పొగ. పొద్దున్నుంచి చుక్క చుక్క మిగిల్చిందంతా అక్కడ ఊడ్చుకుపోతుంది.

మొదటిసారి ఆపకుండా పోయిన రోజు బస్సు నిజంగానే నిండి ఉండింది. గూడెం వాళ్ళు చేతులెత్తారు. సైదులు కిటికీలోంచి చెయ్యి ఊపి, జాగా లేదని సైగ చేసి పోయాడు. గుట్ట నెత్తి మీదికి చేరాక గానీ బండి ఎంత సుఖంగా ఎక్కిందో అతనికి తెలియలేదు. రెండోసారి వెనక సీట్లు ఖాళీగానే ఉన్నాయి, అయినా చెయ్యి దానంతట అదే ఊగింది. ఆ తర్వాత చెయ్యి ఊపడం కూడా మానేశాడు. ఆ నెలలో మేనేజర్ గారు అందరి ముందు అతని భుజం తట్టాడు.

కండక్టర్ మైసయ్య మొదట్లో గంట తాడు గుంజేవాడు. నయాపైసలు వచ్చి ఇన్నేళ్ళయినా టికెట్టు అణాల్లోనే చెప్పే పాతకాలపు మనిషి, స్టేజీ అంటే ఆగాలని అతని లెక్క.

"గీ ఎక్కుడు మీద నువ్వెంత గుంజినా నాకు ఇనవడదు మైసన్నా," అన్నాడు సైదులు ఒకనాడు. "నా బతుకు దీని మీదున్నది. జర అర్థం చేస్కో."

మైసయ్య కాసేపు గొణిగి, "సరే తియ్, నేను కండ్లు మూస్కుంట. కందూరు నాడు తలకాయ కూర మాత్రం నాదే," అన్నాడు. కండ్లు మూసుకోవడానికి మనిషికి ఎంత చిన్న ధర చాలు!

ఎండలు ముదిరాయి. ఒక పొద్దున సైదులు ఎప్పటిలాగే మోరీ దగ్గర వేగం అందుకొని ఎక్కుడు పట్టాడు. స్టేజీ రాయి దగ్గర ఇద్దరే మనుషులు కనబడ్డారు. ఒక ముసలామె, ఆమె పక్కన గొంగడి భుజాన వేసుకొని ఒంగి నిలబడ్డ మగమనిషి. బస్సు దగ్గరికి వస్తుండగా ముసలామె చెయ్యి ఎత్తలేదు. రెండు చేతులతో పొట్టకు ఆనించుకున్న ఒక గుండురాయిని కిందికి మీదికి సర్దుకొని, బస్సుకు ఎదురుగా నాలుగడుగులు ఉరికింది.

సైదులు బండిని కుడికి కోసి, ఆక్సిలేటరు గట్టిగా తొక్కాడు. బస్సులో ఆడవాళ్ళు కెవ్వుమన్నారు.

"రాయి! రాయి ఇసురుతాందిరో!" అని బెల్లం బేరగాడొకడు సీటు కిందికి దూరాడు.

రాయి తగలలేదు. అద్దంలో చూస్తే ముసలామె రోడ్డు మీద రాయి పట్టుకొని దుమ్ములో నిలబడి ఉంది. ఆపకపోతే తిట్టుకోవచ్చు, శాపనార్థాలు పెట్టుకోవచ్చు, రాయి ఎత్తుతారా? బస్సులో ఇంతమంది ప్రాణాలున్నాయి. సైదులుకు భయం వేసింది, భయం వెనకే కోపం వచ్చింది. కోపం రాగానే, ఆపకుండా పోవడం తప్పేమో అని లోపల ఎక్కడో గీకుతున్న అనుమానం చల్లబడింది. ఇట్లాంటివాళ్ళ కోసం ఆపాలా?

మర్నాడు మళ్ళీ అదే ముసలామె, అదే రాయి. ఈసారి రోడ్డు అంచున ముందే వంగి నిలబడింది. బస్సు దాటుతుండగా వెనక చక్రం వైపు ఉరికి, అందక ఆగిపోయింది. మగమనిషి మాత్రం కదలలేదు. స్టేజీ రాయి మీద చేతులు ఆనించి, కడుపు పట్టుకొని కూర్చున్నాడు.

"ఇగ లాభం లేదు, సారుకు చెప్పాలె," అన్నాడు మైసయ్య. "ఎల్లుండి అద్దం పగుల్తది, ఆ ఎల్లుండి నీ తలకాయ పగుల్తది. కందూరుకు నేను ఎవని ఇంటికి పోవాలె?"

నల్గొండ డిపోలో మైసయ్యే చెప్పాడు. చెప్పడం అతనికి ఇష్టమైన పని. రాయిని పెంచి పెంచి కొండను చేసి నిలబెట్టాడు. మేనేజర్ గారు కోస్తా వైపు మనిషి, మెత్తగా మాట్లాడతాడు, మాట మీద నిలబడతాడు. అంతా విని సైదులు వైపు తిరిగాడు.

"వాళ్ళకంత కోపం దేనికయ్యా? అక్కడ బస్సు ఆపడం లేదా నువ్వు?"

మైసయ్య గోడకేసి చూశాడు.

"బస్సు నిండుగా ఉంటోంది కదా?" మేనేజర్ గారే మాట అందించాడు. పాపం, తన మంచి డ్రైవర్‌ను కాపాడుకోవాలనే.

సైదులు తల ఊపాడు. ఊపడానికి ఎంతసేపు పడుతుంది! నోటితో అబద్ధమాడితే కనీసం చెవికి వినబడుతుంది. తల ఊపితే అదీ లేదు.

"సరే, పోలీసులకు చెబుతాను. రేపు మోత్కూర్‌లో ఇద్దరు జవాన్లు ఎక్కుతారు. నువ్వు నిబ్బరంగా ఉండు. నీ పేరు ఈ వారంలోనే పైకి పోతుంది."

ఆ సాయంత్రం ఇంటికి పోయి పేరు సంగతి చెబితే అండాలు చేతిలో చేట కింద పెట్టి, దర్గా దిక్కు తిరిగి చేతులు జోడించింది. రాయి సంగతి సైదులు చెప్పలేదు. చెప్పడానికి ఏముంది, రేపటితో తేలిపోతుందనుకున్నాడు.

తెల్లారి ఇద్దరు జవాన్లు డ్రైవర్ వెనక సీట్లో కూర్చున్నారు. పెద్ద జవాను కర్రతో కిటికీ చువ్వల మీద తాళం వేస్తూ, "కనవడంగనే ఆపు. మిగిలింది మేం జూస్కుంటం," అన్నాడు. మోరీ వచ్చింది. కాలు అలవాటు చొప్పున వేగం అందుకోబోయింది, సైదులు దాన్ని బలవంతంగా వెనక్కి తీసుకున్నాడు. బస్సు రెండో గేరులో మూలుగుతూ ఎక్కుడు పట్టింది. స్టేజీ రాయి పక్కన ముసలామె నిలబడే ఉంది, రాయి పొట్టకు ఆనించే ఉంది.

సైదులు బ్రేకు తొక్కాడు. చేతి బ్రేకు గుంజి పట్టుకున్నాడు. ఎన్ని దినాల తర్వాతో బస్సు మేకలబండ ఎక్కుడు మీద నడుమ ఆగింది.

జవాన్లు దబదబా దిగారు. ఖాకీ బట్టలు చూస్తే ముసలామె పారిపోవాలి కదా! పారిపోలేదు. వాళ్ళను చూడను కూడా లేదు. జారిపోతున్న కొంగును పళ్ళతో పట్టుకొని, రాయిని మోసుకుంటూ బస్సు వెనక్కి ఉరికింది. వెనక చక్రం కింద, రోడ్డు పల్లానికి, రాయిని దించి, కాలి మడమతో రెండుసార్లు తన్ని బిగించింది. బిగించి, చక్రాన్ని అరచేత్తో చరిచి, ముందున్న డ్రైవర్‌కు వినబడేట్టు గొంతెత్తి అరిచింది.

"పెట్టిన కొడుకా! ఇగ ఎన్కకు రాదు, ఫికర్ జెయ్యకు! కాలు దీస్కో!"

అద్దంలో సైదులుకు అంతా కనబడింది. గుండెల్లో రాయి పడ్డట్టయింది.

బరువు బండి ఎక్కుడు మీద ఆగితే పయ్య కింద రాయి అడ్డం పెట్టాలని ఆ సీమలో పుట్టిన ప్రతి ప్రాణికీ తెలుసు. సైదులు కూడా చిన్నప్పుడు పల్లికాయ బండ్ల వెనక రాయి పట్టుకొని నడిచినవాడే. అయినా ఆ రెండు దినాలూ అతనికి ముసలామె చేతిలో రాయి కనబడింది గానీ, ఆ రాయి ఎక్కడికి పోతున్నదో కనబడలేదు. తప్పు చేస్తున్నవాడి కంటికి ప్రతి రాయీ తన తలకాయ కోసమే లేచినట్టుంటుంది.

"ఏయ్ ముసల్దానా! రాయి పడెయ్!" అంటూ పెద్ద జవాను ఆమె రెక్క పట్టుకున్నాడు.

"పడేసేదేంది సారూ, తీస్తె బండి ఎన్కకొస్తది!"

"రెండొద్దుల సంది బస్సు మీద రాళ్ళిసురుతున్నది నువ్వేనా?"

"ఇసురుడా?" ముసలామెకు మాటే అర్థం కాలేదు. "గంత రాయి నేను ఇసురుతనా? మోసుడే కష్టమైతాంది. బండికి గీ ఎక్కుడు మీద దమ్ము చాల్తలేదు గద సారూ. ఆగితె ఎన్కకు జారుతదని పాపం గా డ్రైవర్ ఆపుతలేడు. ఎడ్ల బండ్లకు పెడ్తమే, గట్లనే దీనికి సుత పెడ్దామని నిలవడ్తున్న. ఆయన ఆపడు, నేను పెట్టేదెట్ల?"

బస్సులో ఎవరో కిసుక్కున నవ్వారు. జవానుకు ఆ నవ్వు తనమీదే అనిపించింది.

"కథలు ఠాణల చెప్పు. ఎక్కు! నువ్వు గూడ ఎక్కురా!" అని స్టేజీ రాయి దగ్గర కూర్చున్న మనిషిని గుంజాడు. గుంజితే గొంగడి కింద పడింది, అంగీ పైకి పోయింది. బొడ్డు చుట్టూ కడుపంతా కమిలి, గడ్డలు కట్టి ఉంది.

"మెల్లగ పట్టున్రి సారూ, నా కొడుకు గుర్వయ్య!" ముసలామె అడ్డం వచ్చింది. "మందల వడ్డ పిచ్చికుక్కను కొట్టవోతే పిక్క పట్టుకున్నది. దవాఖానల రోజూ కడుపుల సూది ఏస్తున్నరు. బస్సు ఆగక నడ్సుకుంట పోయొస్తిమి. మొన్నటి సంది ఆడు నడ్వలేకపోతున్నడు. రెండు సూదులు నాగా పడ్డయి."

చిన్న జవాను వెనక్కి తగ్గాడు. పెద్దవాడు మాత్రం పట్టు వదలక ఇద్దరినీ బస్సెక్కించాడు. ముసలామె మెట్టు మీద ఆగి, "నా రాయి," అంది. "రోడ్డు మీద ఇడిస్తె ఎనుకొచ్చే బండికి తల్గుతది. పెట్టినోళ్ళే తియ్యాలె సారూ."

జవాను కాలితో రాయిని పక్కకు తన్నాడు.

బస్సు కదిలింది. సైదులు వెనక ఇంజను పెట్టె పక్కన, కింద కూర్చుంది ముసలామె. కొడుకు తల ఒళ్ళో పెట్టుకుంది. ఇంజను హోరులో సైదులు చెవి దగ్గరికి వంగి, రహస్యం చెప్పినట్టు చెప్పింది.

"బండి కత గిట్లున్నదని ముందే ఒక్క మాట చెప్తే అయిపోవు గద బిడ్డా. గూడెం మందిమంత వచ్చి నూకుదుము. నా పేరు గోపమ్మ. ఎవల్ని అడిగినా చెప్తరు."

సైదులుకు సిగ్గుతో చెవులు వేడెక్కిపోయాయి. ఆమె తిట్టి ఉంటే తట్టుకునేవాడు. జాలి పడుతున్నది. తన బండి మీద, తన మీద!

నల్గొండ దాకా ఆ దారి ఎప్పుడూ అంత పొడుగు కాలేదు. క్లచ్చి మీద కాలు మరిచిపోయి అట్లాగే పెట్టి నడిపాడు, నడుపుతున్నట్టు కూడా తెలియలేదు. లోపల ఒక మనసు తీయగా చెబుతూనే ఉంది. ముసలిది రాయి ఎందుకు పట్టిందో జవాన్లు కండ్లారా చూశారు. ఒక పూట ఠాణాలో కూర్చోబెట్టి, నాలుగు తిట్టి వదిలేస్తారు. నువ్వు నోరు మూసుకుంటే చాలు. నీ పేరు ఈ వారంలోనే పోతున్నది. అండాలు ఎన్నేళ్ళు కూలికి పోవాలి? రెండో మనసు ఏమీ చెప్పడం లేదు, వెనక గుర్వయ్య మూలుగు మాత్రం వినబడుతున్నది. ఒక పూట ఠాణాలో కూర్చుంటే దవాఖానలో సూది వేళ దాటిపోతుంది. ఆ పూట ఎవరికి ఒక పూట, ఎవరికి ప్రాణం?

బస్టాండులో మేనేజర్ గారు, ఠాణా జమేదారు కలిసి ఎదురుచూస్తున్నారు. పెద్ద జవాను సలాం కొట్టి, "దొరికిన్రు సార్. రాయి చేతుల ఉండంగనే," అన్నాడు.

సైదులు ఇంజను బంద్ చేశాడు. దిగాడు.

"సారూ, వీళ్ళు రాయి ఇసరలే."

"మరి?"

"పయ్య కింద పెట్టనీకి తెచ్చిన్రు. బండికి దమ్ము లేక ఆపుతలేనని అనుకున్నరు. బండికి దమ్మున్నది సారూ. నేనే ఆపలే."

మేనేజర్ గారు చుట్టూ చూశాడు. జనం మూగుతున్నారు. సైదులును పక్కకు రమ్మని సైగ చేశాడు. సైదులు కదల్లేదు.

"బస్సు నిండుగా ఉందని నువ్వే కదయ్యా తల ఊపావు?"

"తలకాయ తోని అబద్ధమాడిన సారూ. సీట్లు ఖాళీగనే ఉండె. ఎక్కుడు మీద ఆపితె డీజిలు కాల్తదని ఆపలే. గా మిగిలిన డీజిలంత గీళ్ళ స్టేజీది."

మైసయ్య టికెట్ల సంచి సర్దుకుంటూ బస్సు చాటుకు పోయాడు. మేనేజర్ గారికి కోపం కంటే నష్టపోయినట్టు బాధ ఎక్కువగా ఉంది.

"ఈ మాట నేను వినకపోతే బాగుండేది, సైదులూ. విన్నాక నీ పేరు ఎట్లా పంపను? చెప్పు."

"తెల్సు సారూ."

జమేదారు తన టైమంతా ఖరాబు చేశారని అందరినీ కలిపి తిట్టి, జవాన్లను తీసుకొని వెళ్ళిపోయాడు. బస్టాండు ఖాళీ అయ్యేదాకా గోపమ్మ నిలబడ్డచోటే నిలబడి ఉంది. అన్నీ విన్నది. సైదులు వైపు చూసింది. ఆ చూపులో పొద్దుటి జాలి లేదు, తిట్టూ లేదు.

"దవాఖానకు తీస్కపోత అవ్వా, నడువున్రి," అన్నాడు సైదులు. గుర్వయ్య రెక్క పట్టుకొని నడిపించాడు. గోపమ్మ రెండడుగుల వెనక నడిచింది. దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు.

దవాఖానలో కంపౌండరు చీటీ చూసి నెత్తి కొట్టుకున్నాడు. "గీ సూదులు నాగా వెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలె? డాక్టర్ సారు మళ్ళ మొదటి సూది నుంచి ఎయ్యుమంటున్నడు."

గుర్వయ్య బల్ల మీద పడుకొని అంగీ తానే ఎత్తుకున్నాడు. సూది దిగుతుంటే కండ్లు మూసుకోలేదు, పక్కన నిలబడ్డ సైదులునే చూస్తున్నాడు. అయిపోయాక లేచి కూర్చొని, మెల్లగా అడిగాడు.

"రేపు ఆపుతవా అన్నా?"

"ఆపుత," అన్నాడు సైదులు. ఆ మాటకు గోపమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది.

సాయంత్రం తిరుగు బస్సులో వాళ్ళను స్టేజీ దగ్గర దింపి, మోత్కూర్ చేరి ఇంటికి పోయాడు. అండాలు జొన్నరొట్టె కాలుస్తున్నది. అంతా చెప్పాడు, తల ఊపిన సంగతితో సహా. ఆమె రొట్టెను పెనం మీద తిప్పడం మరిచిపోయింది. రొట్టె మాడి వాసన వచ్చింది.

"ఇగ పర్మినెంటు లేదా?"

"లేదు."

"రాయి పట్టుకున్న ముసలామెను చూస్తే నీకు పయ్య యాదికి రాలేదా? ఎసొంటి మనిషివి నువ్వు?" అంది అండాలు. "మొన్ననే నాతో అంటే నేను జెప్పకపోదునా? చేసిందొకటి, దాచిందొకటి. ఆపనన్నా ఆపకపోతివి, నోరన్నా మూస్కోకపోతివి! రెండు దిక్కుల ఇల్లు కూల్చుకుంటివి గద!"

సైదులు గోడకు ఆనుకొని కూర్చున్నాడు. కాసేపటికి ఆమె మాడిన రొట్టెను పక్కన పెట్టి, మరో ముద్ద చేతుల్లోకి తీసుకుంది.

"గా ముసలవ్వ ఏమన్నది?"

"ఏమనలే. ఒక్క మాట మాట్లాడలే."

"తిట్టినా బాగుండు," అంది అండాలు. "నాకు కోపమొస్తాంది. శానా ఒస్తాంది. ఇయ్యాల నాతోని మాట్లాడకు." అని మంచి రొట్టె అతని ముందు పెట్టి, మాడింది తాను తింది.

తెల్లారి సైదులు టైర్లు కొట్టి చూశాడు, జల్లెడ కడిగాడు, పొగ చూశాడు. చేతులకు తెలిసిన పని, చేసుకుంటూ పోయాయి. మోరీ దాటాక మైసయ్య గంట తాడు గట్టిగా గుంజాడు. అవసరం లేకపోయినా రెండుసార్లు గుంజాడు.

స్టేజీ రాయి దగ్గర తల్లీకొడుకులు నిలబడి ఉన్నారు. గోపమ్మ చేతుల్లో రాయి ఉంది. నిన్న జవాను తన్నితే పక్కన పడ్డ రాయే అది.

సైదులు బస్సు ఆపి, చేతి బ్రేకు గుంజి పట్టుకున్నాడు. బండికి దమ్ముందని నిన్న అంతా విన్నది కదా, మళ్ళీ ఎందుకు తెచ్చింది అనుకున్నాడు. ఆమె వెనక చక్రం దగ్గరికే పోతుందని అద్దంలో చూశాడు. అద్దంలో ఆమె లేదు.

గోపమ్మ ముందుకు వచ్చింది. బస్సు ముందర వంగి, ముందు చక్రానికి ఎదురుగా, రోడ్డు మిట్టకు, రాయిని దించింది. మడమతో తన్ని బిగించింది. లేచి నిలబడి, బస్సు ముందరి అద్దంలోంచి సూటిగా సైదులు కండ్లలోకి చూసింది.

"ఆడు ఎక్కి కూసునేదాంక," అంది.

గుర్వయ్య ఒక చేత్తో కడుపు పట్టుకొని, ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కుతున్నాడు. ఇంజను ఊరికే తిరుగుతున్నది, డీజిలు ఊరికే కాలుతున్నది. చేతి బ్రేకు గుంజి పట్టుకున్న సైదులు చెయ్యి లాగుతున్నది. అతను తల తిప్పలేదు, ఆమెనే చూస్తూ కూర్చున్నాడు.

మైసయ్య గుర్వయ్యను పట్టుకొని సీట్లో కూర్చోబెట్టి, "కూసున్నడే అవ్వా!" అని అరిచాడు. గోపమ్మ నమ్మలేదు. బస్సు పక్కకు వచ్చి, మునివేళ్ళ మీద లేచి, కిటికీలోంచి కొడుకును చూసుకుంది. అప్పుడు తిరిగి ముందుకు పోయి, వంగి, రాయిని రెండు చేతులతో లేపి పక్కకు తప్పుకుంది.

సైదులు మొదటి గేరు వేశాడు. ఇంజను అరిచింది. నల్లటి పొగ లేచింది. ఎక్కుడు నెత్తికి చేరేముందు అద్దంలో చూశాడు. గోపమ్మ రాయిని చంకకు ఎత్తుకొని, కురుమగూడెం బాట పట్టి పోతున్నది. దాన్ని రోడ్డు పక్కన వదిలిపెట్టలేదు.